విడిచివచ్చిన ఊళ్ళు: అనతోలియా గ్రీకు శరణార్థుల స్మృతులు

1922 సెప్టెంబరు 9న ముస్తఫా కమాల్ సేనలు ఇజ్మీర్ నగరంలో ప్రవేశించాయన్న వార్త మన దేశానికి చేరినప్పుడు ఖిలాఫత్ కార్యకర్తలు పండుగ చేసుకున్నారు. అంగోరా నిధికీ, స్మిర్నా నిధికీ చందాలు పోగుచేసి పంపినవారి సంతోషంలో అన్యాయమేమీ లేదు. 1919 మే 15న గ్రీకు సైన్యం ఆ రేవులో దిగిన రోజున ముస్లిములపై జరిగిన దౌర్జన్యాలకు గ్రీకులే ప్రధాన బాధ్యులని మిత్రరాజ్యాలు నియమించిన విచారణ సంఘమే తేల్చింది. అయితే మన తాతలు విజయంగా జ్ఞాపకం ఉంచుకున్న ఆ సంవత్సరాన్ని గ్రీకులు నేటికీ ‘కతస్త్రోఫి’ అంటారు. అంటే మహావినాశం. ఆ వినాశంలో ఊళ్ళు పోగొట్టుకున్నవారు తమ గతాన్ని ఎలా తలచుకున్నారు, తాము ఎవరమని చెప్పుకున్నారు అన్న ప్రశ్న ముస్లిం పాఠకులకు పరాయిదేమీ కాదు. ఈ కథలో మనుషులను రెండుగా విడదీసిన గీత మతమే.

ఉస్మానియా సామ్రాజ్యంలో ప్రజలను మిల్లత్‌లుగా, అనగా మత సముదాయాలుగా లెక్కించేవారు. ఆర్థడాక్స్ క్రైస్తవులంతా ‘రూమ్’ మిల్లత్. వారి పెద్ద ఇస్తాంబుల్‌లోని పాత్రియార్క్. ఈ లెక్కలో భాషకు తావు లేదు. కాబట్టి రూమ్ అనే మాట కింద ఎంతో తేడాగల మనుషులు ఇమిడిపోయారు. స్మిర్నా రేవులో అత్తిపండ్లు, ఎండుద్రాక్ష ఎగుమతి చేసే వర్తకుడు గ్రీకు, ఫ్రెంచి భాషలు మాట్లాడేవాడు. నల్లసముద్ర తీరాన పొంతస్ కొండల్లోని రైతు మాట్లాడే గ్రీకు ఏథెన్సు వాడికి సగం కూడా అర్థమయ్యేది కాదు. ఇక దేశం నడిబొడ్డున కప్పదోకియాలో అనేక గ్రామాల క్రైస్తవులకు తుర్కీ తప్ప మరో భాషే రాదు. కరమన్లీలని పేరుపడ్డ వీరు తుర్కీ భాషనే గ్రీకు లిపిలో రాసుకున్నారు. వారి బైబిలు, ప్రార్థనా గ్రంథాలు, చివరకు సమాధి ఫలకాలు కూడా అలాగే ఉండేవి. జెరూసలేం యాత్ర చేసి జోర్డాన్ నదిలో స్నానమాడి వచ్చిన క్రైస్తవుడిని వారు ‘హాజీ’ అనే పిలిచేవారు. నేటికీ గ్రీకు ఇంటిపేర్ల మొదట కనిపించే ‘హాద్జీ’ అన్న మాట అక్కడినుండి వచ్చిందే.

యుద్ధం ఈ ప్రపంచాన్ని రెండు వైపులనుండీ తగులబెట్టింది. ఈ మాట అక్షరాలా నిజం. సకారియా నది దగ్గర 1921లో గ్రీకుల ముందంజ ఆగిపోయింది. మరుసటి ఏడు ఓడి వెనుదిరిగిన గ్రీకు సైన్యం మనీసా, కసబా, అలాషెహిర్ వంటి పట్టణాలను దారి పొడవునా కాల్చివేసింది. ఇజ్మీర్ చేజిక్కిన నాలుగు రోజులకు, అంటే సెప్టెంబరు 13న, నగరంలో మంటలు లేచాయి. ఆర్మీనియన్, గ్రీకు పేటలు బూడిదయ్యాయి; ముస్లిం, యూదు పేటలు చాలావరకు మిగిలాయి. నిప్పు పెట్టినది ఎవరన్న వివాదం నేటికీ తెగలేదు. ప్రత్యక్షసాక్షులలో అనేకులు విజేత సైనికులనే పేర్కొనగా, టర్కీలో దీనిని ఒప్పుకోరు. సముద్రానికీ మంటలకూ మధ్య రేవుగట్టున లక్షలాది జనం రోజుల తరబడి నిలబడిపోయారు. పద్దెనిమిది నుండి నలభై అయిదేళ్ళ లోపు మగవారిని ఆపి లోతట్టు ప్రాంతాలకు కూలి దళాలుగా తరలించారు. వారిలో తిరిగివచ్చినవారు కొద్దిమంది. ఓడలెక్కినవారు ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. గ్రీసుకు చేరిన శరణార్థి కుటుంబాలలో ఇంటి మగదిక్కు లేకపోవడం ఎంత సామాన్యమో, ఆ తరం జ్ఞాపకాలలో తల్లులు, అమ్మమ్మల గొంతు అంత ప్రధానం కావడానికి ఇదొక కారణం.

ఆ చలికాలంలో స్విట్జర్లాండులోని లోజాన్‌లో సంధి సభ జరిగింది. నాన్సెన్ సూచన మీద జనమార్పిడి ప్రతిపాదన బల్ల మీదికి వచ్చింది. సభాధ్యక్షుడు లార్డ్ కర్జన్ ఇది చెడ్డ, దుష్టమైన పరిష్కారమనీ, దీనికి ప్రపంచం నూరేళ్ళపాటు మూల్యం చెల్లిస్తుందనీ అన్నాడు. అన్నవాడే దానిని కొనసాగనిచ్చాడు. 1923 జనవరి 30న గ్రీసు పక్షాన వెనిజెలోస్, టర్కీ పక్షాన ఇస్మత్ పాషా సంతకాలు చేశారు. టర్కీ పౌరులైన ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకూ, గ్రీసు పౌరులైన ముస్లిములు టర్కీకీ వెళ్ళితీరాలి. అనుమతి లేకుండా ఎవరూ తిరిగిరారాదు. ఇస్తాంబుల్ గ్రీకులకు, పడమటి త్రేస్ ముస్లిములకు మాత్రం మినహాయింపు దొరికింది. ఒప్పందం నాటికే పది లక్షల మంది క్రైస్తవులు పారిపోయి ఉన్నారు. ఆ తర్వాత అధికారికంగా తరలించినది 1,90,000 మందిని మాత్రమే. కాబట్టి వారి విషయంలో లోజాన్ చేసిన ముఖ్యమైన పని తరలించడం కాదు, తిరిగివెళ్ళే దారి మూయడం. గ్రీసునుండి మూడున్నర లక్షలకు పైగా ముస్లిములు వెళ్ళవలసివచ్చింది. వారిలో అత్యధికులు ఏ యుద్ధంలోనూ పాల్గొనని రైతులు.

మాతృభాష ఏదని గాని, ఏ దేశం నీదనుకుంటున్నావని గాని ఒప్పందం అడగలేదు. తత్ఫలితంగా తుర్కీ తప్ప మరో మాట రాని కరమన్లీలు ‘గ్రీకులు’గా గ్రీసుకు వచ్చారు. గ్రీకు తప్ప మరో మాట రాని క్రీటు ద్వీపపు ముస్లిములు ‘తుర్కులు’గా టర్కీకి పోయారు. పడమటి మాసిదోనియాలో గ్రెవెనా పరిసరాల ముస్లిములను చుట్టుపక్కలవారు ‘వల్లాహదేస్’ అనేవారు. వారికి వచ్చిన ఇస్లామీ పదాలలో ‘వల్లాహి’ మాటిమాటికీ వినిపించేదట. పేరు అలా వచ్చిందంటారు. మాట్లాడే భాష మాత్రం అచ్చమైన గ్రీకు. వారినీ ఓడలెక్కించారు.

గ్రీసు 1928 జనాభా లెక్కలలో 12,21,849 మంది శరణార్థులు నమోదయ్యారు. దేశం మొత్తం జనాభా 62 లక్షలు. అయిదుగురిలో ఒకరు నిన్నగాక మొన్న వచ్చినవారన్నమాట. ఏథెన్సు నగర నాటకశాలలో ధనికులు కూర్చునే ఒక్కొక్క బాక్సులో ఒక్కొక్క కుటుంబం కాపురం పెట్టింది. ప్రాచీన దేవాలయాల పక్కన గుడారాలు లేచాయి. సలోనికాలో 1902లో కట్టిన యెని జామి మసీదు, ముస్లిములు వెళ్ళిపోగానే శరణార్థుల బసగా మారింది. తర్వాత 1925లో దానిని పురావస్తు ప్రదర్శనశాల చేశారు. నానాజాతి సమితి ఏర్పరచిన పునరావాస సంఘం మాసిదోనియాలో, త్రేస్‌లో ముస్లిములు విడిచిన పొలాలను పంచింది. ఒకరి కన్నీటి మీద మరొకరి ఇల్లు లేచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టినవాడి ఇల్లు కూడా అదే సమయానికి సముద్రానికి అవతల మరొకరి పాలై ఉంది.

పుస్తకాల్లో రాసుకున్నట్టు ‘మాతృదేశం’ వారిని గుండెకు హత్తుకోలేదు. స్థానికులు వారిని ‘తుర్కు విత్తనాలు’ అన్నారు. ‘పెరుగులో బాప్తిస్మం పొందినవారు’ అన్న వెక్కిరింత కూడా పుట్టింది. వంటలో పెరుగు వాడేవాడి క్రైస్తవమూ అనుమానాస్పదమే అయింది! వారు జీలకర్ర వేసి చేసే కోఫ్తాలు, వారి ‘అమాన్, అమాన్’ పల్లవుల పాటలు మొదట అందరికీ వింతగా ఉండేవి. తరువాత కోఫ్తాలు గ్రీకు వంటకాలైపోయాయి. పాటలకు మాత్రం అంత సులువుగా పౌరసత్వం దొరకలేదు. పిరయస్ రేవు పేటల్లో, హుక్కా అంగళ్ళలో వర్ధిల్లిన ఆ సంగీతంలో తూర్పు వాసన ఉన్నదని 1936లో నియంతగా వచ్చిన మెటాక్సాస్ ప్రభుత్వం కత్తెర వేసింది. మనిషిని మతం పేరిట తెచ్చుకున్న దేశం అతని గొంతును మాత్రం భాష పేరిట, సంస్కృతి పేరిట వడపోసింది. ఇంటిపేరు చివర ‘ఓగ్లూ’ ఉన్నవారు, అంటే తుర్కీలో ‘కొడుకు’ అని అర్థం వచ్చే తోక ఉన్నవారు, దానిని మార్చుకుని గ్రీకు తోకలు తగిలించుకున్నారు. అందరూ మార్చుకోలేదు. ఆ మొండితనమూ ఒక రకమైన జ్ఞాపకమే.

కరమన్లీల కోసం ఏథెన్సులో 1920ల మధ్యలో ఒక పత్రిక నడిచింది. గ్రీకు లిపిలో తుర్కీ భాష. పేరు ‘ముహాజిర్ సెదాసి’. ఉర్దూ తెలిసినవారికి ఈ పేరు తర్జుమా చేయనక్కరలేదు. శరణార్థి మొర గ్రీకు గడ్డమీద గ్రీకులో కాక, హిజ్రత్ అన్న ధాతువునుండి వచ్చిన మాటతో వినిపించింది. అటు టర్కీ అధికార పత్రాలలో గ్రీసునుండి వచ్చిన ముస్లిమును ‘ముబాదిల్’ అన్నారు. మార్పిడి అయినవాడని భావం. ముహాజిర్ తన కాళ్ళతో బయలుదేరినవాడు. ముబాదిల్‌ను ఇద్దరు ఇచ్చిపుచ్చుకున్నారు. ఈ తేడాను అధికారులు కావాలని చూపారో లేదో గాని, మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

కొత్త దేశంలో వారు మొదట చేసిన పని పాత ఊళ్ళ పేర్లు నిలుపుకోవడం. నెయా స్మిర్నీ, నెయా ఇయోనియా, నెయా ఫిలదెల్ఫియా: ‘నెయా’ అంటే కొత్త. కప్పదోకియాలోని గెల్వెరి జనం కవాలా దగ్గర నెయా కర్వాలీ కట్టుకుని, తాము మోసుకొచ్చిన సెయింట్ గ్రెగరీ అవశేషాలను అక్కడే ప్రతిష్ఠించుకున్నారు. ఉర్‌గుప్ క్రైస్తవుల కథ ఇంకా ఆసక్తికరం. పద్దెనిమిదో శతాబ్దంలో యుద్ధఖైదీగా చిక్కి, ఆ ఊరి ఆగా ఇంట గుర్రపుశాలలో పనిచేసిన రష్యన్ యోహాను అనే భక్తుడి దేహం వారికి పవిత్రం. ఆగా హజ్ యాత్రలో ఉండగా ఇంట్లో వండిన పులావు పళ్ళెం పొగలు కక్కుతూ మక్కాలో అతని ముందు ప్రత్యక్షమయిందని వారి ఐతిహ్యం. యోహాను మహిమను ఊరి ముస్లిములు కూడా నమ్మేవారని చెప్పుకుంటారు. ఐతిహ్యంలో నిజమెంత అన్నది వేరే సంగతి. హజ్‌కు పోయిన యజమాని మీద ప్రేమతో మహిమ చూపిన క్రైస్తవ భక్తుడి కథను ఆ ఊరి క్రైస్తవులు తరాలుగా చెప్పుకున్నారన్నదే ఇక్కడ గమనార్హం. 1924లో వారు ఆ దేహాన్ని వెంట తెచ్చుకున్నారు. అది చివరకు ఎవ్వియా ద్వీపంలో, అప్పటిదాకా అహ్మెద్ ఆగా పేరుతో ఉన్న గ్రామంలో నిలిచింది. ఆ గ్రామం పేరును నెయా ప్రొకోపీగా మార్చారు.

ఈ జ్ఞాపకాలు కాగితానికెక్కడం ఒక స్త్రీ పట్టుదల ఫలితం. మెల్పో మెర్లియే 1930లో జానపద సంగీతాన్ని రికార్డు చేయించడానికి పూనుకున్నారు. పాట కోసం వెళ్ళినవారికి పాట వెనుక ఊరు కనిపించింది. ఆ పని ఆసియా మైనర్ అధ్యయన కేంద్రంగా పెరిగింది. కేంద్రం వారు దశాబ్దాలపాటు శరణార్థుల పేటలలో తిరిగి దాదాపు 5,000 మందిని ప్రశ్నించి, లక్షన్నర పుటల వాఙ్మూలాలు రాసుకున్నారు. వారు ముఖ్యంగా అడిగింది ఊరి గురించి: బావి ఎక్కడ, చర్చి ఎక్కడ, పొలిమేర ఏది, పక్క గ్రామం ఎవరిది, పెళ్ళికి ఏం వండేవారు. ఊరు విడిచిన వృత్తాంతం ఆ ప్రశ్నావళిలో ఒక చిన్న భాగం. ఆ వృత్తాంతాలను ‘ఎక్సొదస్’ పేరిట సంపుటాలుగా వేయగా మొదటిది 1980లో, రెండవది 1982లో వెలువడ్డాయి.

ఈ రెండు సంపుటాలను పక్కపక్కన పెట్టి చదివితే శరణార్థి స్మృతి ఒక్కటి కాదని తెలుస్తుంది. మొదటిది పడమటి తీరం వారిది. వారు 1922లో తుపాకుల మధ్య పరుగెత్తినవారు. వారి మాటల్లో నిప్పు, రేవు, తప్పిపోయిన బిడ్డ, తిరిగిరాని భర్త. రెండవది కప్పదోకియా వైపు వారిది. యుద్ధం తాకని ఊళ్ళు అవి. 1924లో, ఒప్పందం ప్రకారం, సామాను సర్దుకుని, చర్చి వస్తువులు మూటగట్టుకుని బయలుదేరారు. ముస్లిం ఇరుగుపొరుగు ఊరి చివరిదాకా వచ్చి ఏడ్చి సాగనంపారన్న మాట వారిలో పలుమార్లు వినవస్తుంది. మొదటివారి కథను మాత్రమే విన్నవారు తుర్కులు అంటే పగ అనుకుంటారు. రెండవవారిని మాత్రమే విన్నవారు పగ అన్నదే లేదనుకుంటారు. అంతేకాదు, రేవు దాకా వెంటాడిన సైనికుడు, గాదెలో దాచి ప్రాణం కాపాడిన పొరుగువాడు ఒకే మనిషి వాఙ్మూలంలో కనిపించడం కూడా అరుదు కాదు. శరణార్థులు చాలామంది నేరాన్ని ఒక జాతికి కాక ఒక మనిషికో, ఒక మూకకో, దూరాన ఉన్న పెద్ద రాజ్యాలకో ఆపాదించారు.

అయినా ఈ మాటలను యథాతథంగా చరిత్రగా తీసుకోవడం పొరపాటు. పిరయస్ దగ్గరి కొక్కినియా అనే శరణార్థి పేటలో 1970 దశకంలో నివసించి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త రెనీ హిర్షన్ 1989లో తన గ్రంథం ప్రకటించారు. యాభై ఏళ్ళు గడిచినా, గ్రీసులోనే పుట్టిన పిల్లలు కూడా, తమను శరణార్థులమనే చెప్పుకోవడం ఆమె గమనించారు. తాత్కాలికమని కట్టిన చిన్న ఇళ్ళలోనే, కూతుళ్ళకు కట్నంగా ఇవ్వడానికి గదికి గది చేర్చుకుంటూ, నేల కింద తవ్వుకుంటూ, వారు మూడు తరాలు గడిపారు. ‘తుర్కులతో బాగానే ఉండేవాళ్ళం’ అన్న మాట అక్కడ తరచుగా వినిపించేది. ఆ మాటకు శ్రోత తుర్కు కాదు, గ్రీకు. తమను హీనంగా చూసిన స్థానికుడికి, ‘మాది నీకన్న పెద్ద నాగరికత, నానా జాతులతో మర్యాదగా మెలగడం తెలిసినవాళ్ళం’ అని చెప్పుకోవడానికి కూడా ఆ గతం పనికివచ్చింది. మతం పేరిట తెచ్చిన దేశంలో మతం ఒక్కటే వారికి గుర్తింపు ఇవ్వలేకపోయింది. ఎందుకంటే అక్కడ అందరిదీ ఆ మతమే.

రాజకీయాలు ఈ గాయాన్ని మరోసారి కెలికాయి. పోగొట్టుకున్న ఆస్తులకు పరిహారం వస్తుందని శరణార్థులు ఏళ్ళ తరబడి పత్రాలు దాచుకున్నారు. తమ నాయకుడని నమ్మి ఓట్లు వేసిన వెనిజెలోస్ 1930 జూన్‌లో అంకారాతో ఒప్పందం చేసుకుని, ఇరువైపుల ఆస్తులూ పరస్పరం చెల్లుబెట్టుకున్నట్టు అంగీకరించాడు. రెండు రాజ్యాల మధ్య శాంతికి అది మేలే చేసింది. 1934లో ఆయన ముస్తఫా కమాల్ పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించే దాకా స్నేహం సాగింది. శరణార్థికి మాత్రం ఊరు రెండోసారి పోయింది. ఈసారి పోగొట్టినవాడు సొంతవాడు. వారిలో ఒక వర్గం ఆ తరువాత వామపక్షం వైపు మళ్ళింది.

టర్కీకి వెళ్ళిన ముస్లిముల స్మృతి దీనికి అద్దంలో బొమ్మలాంటిది. క్రీటునుండి వెళ్ళి ఐవాలీ, జుందా ప్రాంతాలలో గ్రీకులు విడిచిన ఇళ్ళలో దిగినవారిని స్థానికులు ‘సగం గావుర్’, అంటే సగం కాఫిర్ అన్నారు. నమాజు చేసే మనిషి ముఖం మీదే ఆ మాట! 1928లో ‘పౌరుడా, తుర్కీ మాట్లాడు’ అన్న ప్రచారం మొదలయ్యాక ఇంటిలోని గ్రీకు గొంతు తగ్గించుకుంది. జోలపాటల్లో మాత్రం మిగిలింది. గ్రీసులో ఉన్నటువంటి అధ్యయన కేంద్రం వారికోసం ఎవరూ పెట్టలేదు. కొత్త గణతంత్రానికి వెనుక చూపు ఇష్టం లేదు. ఆ తరం మాటలు చాలావరకు వారితోనే పోయాయి. లోజాన్ ముబాదిల్‌ల ట్రస్టు మనుమల తరం చేతుల మీదుగా 2001లో గాని ఏర్పడలేదు. చతాల్జాలో ముబాదలా మ్యూజియం 2010లో తెరుచుకుంది.

ఇక గ్రీసులో స్మృతి ఇంటినుండి ప్రభుత్వానికి చేరింది. గ్రీకు పార్లమెంటు 1994లో మే 19ని పొంతస్ గ్రీకుల జాతిసంహార స్మారక దినంగా, 1998లో సెప్టెంబరు 14ను ఆసియా మైనర్ గ్రీకుల స్మారక దినంగా ప్రకటించింది. ఆ పదాన్ని టర్కీ తిరస్కరిస్తుంది. చనిపోయినవారిని, కూలి దళాల్లో కూలిపోయినవారిని, తలచుకునే హక్కు వారి వారసులకు ఉంది. అది ఎవరూ కాదనలేనిది. కాని మే 19 టర్కీలో కమాల్ సామ్సున్‌లో దిగిన జాతీయ పండుగ, సెప్టెంబరు 9 ఇజ్మీర్ విమోచన దినం. ఒక తీరాన జెండాలు ఎగురుతుండగా మరో తీరాన గంటలు మోగుతాయి. ఈ అధికారిక దినాల ఉపన్యాసాలలో గాదెలో దాచిన పొరుగువాడికి గాని, ఊరి చివర ఏడ్చిన పొరుగింటావిడకు గాని చోటు దొరకడం కష్టం. ప్రత్యక్షంగా బాధపడినవారి వాఙ్మూలాలలో మాత్రం వారు ఉన్నారు. పుటలు తిప్పేవారికి కనిపిస్తారు.

లోజాన్ పాఠం మన దేశానికీ చేరింది. 1940లో డాక్టర్ అంబేద్కర్ పాకిస్తాన్ సమస్యపై రాసిన గ్రంథంలో గ్రీసు, టర్కీ, బల్గేరియాల జనమార్పిడిని అనుసరించదగిన ఉదాహరణగా చూపారు. ఆ పుస్తకం రాసే సమయానికి కొక్కినియాలో, జుందాలో ఆ మార్పిడి గుండా వచ్చినవారు పద్దెనిమిదేళ్ళుగా సర్దుకోలేక అవస్థపడుతున్నారన్న సంగతి దౌత్య పత్రాలలో దొరికేది కాదు. అది పాటల్లో, వంటింట్లో ఉంది.

ఎఫెసస్‌కు దగ్గరి గ్రామం రైతు నోట తన నవలను చెప్పించిన గ్రీకు రచయిత్రి దీదో సొతిరియూ స్వయంగా శరణార్థి. 1962లో ఏథెన్సులో వెలువడిన ఆ పుస్తకం పేరుకు ‘నెత్తురోడిన నేలలు’ అని అర్థం. 1970లో టర్కీ అనువాదకులు పేరు మార్చారు. ‘అనతోలియాకు నా సలాం చెప్పు’ అని అర్థం వచ్చే శీర్షికతో అది ఇస్తాంబుల్‌లో ముద్రణ మీద ముద్రణ పొందింది. ఏథెన్సులో ‘ఎక్సొదస్’ సంపుటాలు మాత్రం 1982లో రెండోదానితో ఆగిపోయి, పొంతస్ ఊళ్ళ వాఙ్మూలాలు వెలుగు చూడడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. అప్పటికి వాటిని చెప్పినవారెవరూ బతికి లేరు.